పడవ నుంచి పికప్ వ్యాను దాకా: ఒక గుమస్తా లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. రాజరాజ నరేంద్రుని గురించి గానీ, వీరేశలింగం పంతులు గారి గురించి గానీ వ్రాయగలవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను చదివిన చరిత్ర తక్కువ, చూసిన కాగితాలు ఎక్కువ. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2009లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఆ ముప్పైయారేళ్ళలో పదకొండేళ్ళు నేను కూర్చున్నది వాహనాల సీటులో. లాగ్‌బుక్కులు, పెట్రోలు ఇండెంట్లు, రిపేరు బిల్లులు, కొటేషన్లు, చివరకు బండి పనికిరాదని తేల్చి వేలం వేసే ఫైళ్ళు, ఇవే నా గ్రంథాలయం. కనుక నాకు తెలిసిన చరిత్రే వ్రాస్తాను. మన గోదావరి జిల్లాల్లో సరుకు మోసిన బండ్లు ఏవి, వాటిలో దేన్ని నమ్మవచ్చు, దేనికి పెట్టిన డబ్బు దక్కింది అన్నదే ఈ వ్యాసం.

ఈ విషయం ఎన్నుకోవడానికి కారణం మా రెండో అబ్బాయి. వాడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ దగ్గర ఉంటాడు. కిందటి ఏడు ఒక ఆదివారం ఫోను చేసి, "నాన్నగారూ, ఇక్కడ అందరిలాగా నేనూ ఒక పెద్ద పికప్ ట్రక్కు కొందామనుకుంటున్నాను. ఖరీదు ఎక్కువే. మీరు ఇన్నేళ్ళు బండ్ల ఫైళ్ళు చూశారు గదా, అంత పెట్టవచ్చంటారా?" అని అడిగాడు.

నేను వెంటనే, "దానిలో ఏం మోస్తావురా?" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనమే ఈ వ్యాసానికి మొదలు.

పడవ, రెండెడ్ల బండి

నా చిన్నతనంలో మా ఊరి ధాన్యం పడవ మీద వెళ్ళేది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర తవ్వించిన కాలువలు పొలాలకు నీరు పెట్టడానికే గాక సరుకు రవాణాకు కూడా పనికివచ్చేవి. మన కాలువల మీద లాకులు ఉన్నది అందుకే. కాకినాడలో ఎక్కించిన సరుకు కాలువ మీద ధవళేశ్వరం చేరి, గోదావరి దాటి, విజ్జేశ్వరం వద్ద ఏలూరు కాలువలో దిగి బెజవాడ వెళ్ళేది. అక్కడ కృష్ణ దాటితే కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా నీటి దారి ఉండేది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులు గట్టు మీద తాడు పట్టి లాగేవారు. వేగం మనిషి నడకే. అయినా ఒక్క పెద్ద పడవ రెండు మూడు లారీల సరుకు మోసేది.

ఈనాటి పిల్లలకు ఈ మాట చెబితే పడవను ఎవరు నమ్ముతారని నవ్వుతారు. కానీ ఆనాటి వర్తకులు నమ్మారు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారని అందరికీ ముందే తెలుసు. ఆ లోగా సరుకు తోలుకునేవారు. ఆగే రోజు ముందుగా తెలిసిన వాహనం ఆగినా నష్టం లేదు. చెప్పకుండా ఆగేదే కొంప ముంచుతుంది. ఈ తేడా నాకు చాలా ఏళ్ళ తర్వాత ఆఫీసులో, మంచి ఖరీదుకే అర్థమయింది. అది ముందు చెబుతాను.

పొలం నుంచి రేవు దాకా రెండెడ్ల బండి. మా వైపు బండికి పది బస్తాలు వేసేవారు. మన బస్తా 75 కిలోలు గనుక ఏడున్నర క్వింటాళ్ళు. ఈ పది బస్తాల లెక్కను చదువరులు గుర్తుంచుకోవాలి. అమెరికా వెళ్ళినప్పుడు మళ్ళీ పనికివస్తుంది.

లారీ వచ్చింది, నది అడ్డం వచ్చింది

టాటా సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ వారితో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టింది. మూతి మీద మూడు కొనల నక్షత్రం ఉండేది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది, నక్షత్రం పోయి టి అక్షరం వచ్చింది. మా ఊళ్ళో మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం బెంజి లారీ అనే పిలిచారు. ధాన్యం, కొబ్బరి, ఇటుక, అరటి అన్నిటికీ అదే.

అయితే మనది నదీపాయల నడుమ ఉన్న దేశం. లారీ ఎంత గట్టిదైనా రేవు దగ్గర ఆగవలసిందే. పంటు రావాలి, ఎక్కాలి, దిగాలి. ఏటికి వరద వస్తే పంటు లేదు. కొవ్వూరు నుంచి రాజమండ్రికి మనుషులు రైలులోనో లాంచీలోనో దాటేవారు. 1974లో రోడ్డు కం రైలు వంతెన ప్రారంభమయిన తర్వాత పై అంతస్తులో బస్సులు, లారీలు నడిచాయి. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన కాటన్ బ్యారేజీ 1982లో పూర్తయి దాని మీద కూడా రోడ్డు వచ్చింది. 2002లో యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చింది. నరసాపురం, సఖినేటిపల్లి రేవులో మాత్రం వంతెన మాట దశాబ్దాలుగా వింటూ పంటు మీదనే దాటుతూ వచ్చాం.

దీనిలో గుమస్తా లెక్క ఒకటి ఉంది. వంతెన పడిన మర్నాడు ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతి పాత లారీ విలువా పెరుగుతుంది. ఇంజనులో ఒక్క మర కూడా మార్చలేదు. రోజుకు ఒక ట్రిప్పు వేసేది రెండు వేస్తుంది, అంతే. బండి విలువలో సగం బండి బయట ఉంటుందని అందుకే అంటున్నాను.

జీపు, దాని లాగ్‌బుక్కు

రెండవ ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ జీపును 1940ల చివర బొంబాయిలో మహీంద్రా వారు విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైన తర్వాత బ్లాకు ఆఫీసుల ముందు జీపులు కనబడసాగాయి. నేను ఉద్యోగంలో చేరేటప్పటికి ఆఫీసు అంటే జీపు, జీపు అంటే ఆఫీసు. వెనుక సీట్లు తీసేసి సరుకు పెట్టుకునే తొట్టి ఉన్న రకాన్ని పికప్ అనేవారు. ఆ మాట నేను మొదటిసారి చదివింది ఒక లాగ్‌బుక్కు అట్ట మీద.

లాగ్‌బుక్కు మన సభ్యులకు తెలుసు, పిల్లల కోసం చెబుతున్నాను. తేదీ, ఎక్కడ నుంచి ఎక్కడికి, ఏ పని మీద, బయలుదేరినప్పటి మీటరు, చేరినప్పటి మీటరు, పోసిన పెట్రోలు, ప్రయాణించిన అధికారి సంతకం. నెలాఖరున లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో తేల్చాలి. తగ్గితే డ్రైవరుకు మెమో. ఇన్ని గళ్ళున్న ఆ పుస్తకంలో ఒక గడి లేదు. బండి నడవని రోజుకు చోటు లేదు. నడిచిన రోజు పది గళ్ళు నింపుతాము. నిలిచిపోయిన రోజున ఒక గీత గీసి ఊరుకుంటాము. పదకొండేళ్ళు ఆ పుస్తకాలు చూసిన నాకు ఆ లోపం తట్టలేదు, తట్టవలసిన రోజు వచ్చేదాకా.

జపాను బండ్లు, యెన్ ధర

1980లకు ముందు మన వైపు చిన్న సరుకు బండి అంటే పూనాలో తయారయ్యే మెటాడోరు వ్యాను. 1980ల మధ్యలో ఒక్కసారిగా జపాను బండ్లు వచ్చాయి. టయోటాతో డి.సి.ఎం., మిత్సుబిషితో ఐషర్, మాజ్డాతో స్వరాజ్ చేతులు కలిపాయి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో కర్మాగారం పెట్టింది. ఫ్రిజ్‌లూ గడియారాలూ చేసిన మన ఆల్విన్ లారీ చేస్తున్నదని ఆనాడు గర్వంగా చెప్పుకున్నాం. 1986లో టాటా వారు పూనా నుంచి 407 తెచ్చారు.

జపాను బండ్ల పనితనాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. ఇంజను నున్నగా నడిచేది, డ్రైవరుకు సుఖం. చిక్కు వేరే చోట వచ్చింది. 1985 సెప్టెంబరులో అమెరికా న్యూయార్కు నగరంలోని ప్లాజా హోటలులో అయిదు దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలరు విలువ తగ్గించుకునే ఒప్పందం చేసుకున్నారు. దానితో జపాను యెన్ విలువ రెండేళ్ళలో విపరీతంగా పెరిగింది. అక్కడి నుంచి దిగుమతి అయ్యే భాగాల ధర ఇక్కడ రూపాయల్లో మండిపోయింది. ప్లాజా హోటలులో పెట్టిన సంతకం వల్ల తణుకులో వ్యాను యజమాని జేబు ఖాళీ అయిందంటే ఆశ్చర్యమే గదా. 407 విడిభాగాలు చాలావరకు ఇక్కడే తయారయ్యేవి. బెజవాడ ఆటోనగరు నుంచి సాయంత్రానికి వచ్చేవి. మన వాళ్ళు వేసే అధిక బరువుకూ అది తట్టుకుంది. కొద్ది ఏళ్ళలో ఆ తరగతిలో అదే ముందు నిలిచింది. ఆల్విన్ నిస్సాన్‌ను 1980ల చివర మహీంద్రా వారు తీసుకున్నారు. ఐషర్, స్వరాజ్ పేర్లు నిలిచాయి.

చెడిపోని బండి మంచిదా, చెడిపోతే సాయంత్రానికి బాగయ్యే బండి మంచిదా? పట్నంలో మొదటిది. డెల్టాలో, పైకం సర్దుకుని బ్రతికేవాడికి, రెండోది. ఆ రోజుల్లో బండి కొన్నవారంతా ఈ లెక్కే వేశారు. ఎవరూ దాన్ని కాగితం మీద పెట్టలేదు.

1996 నవంబరు 7

ఇక నేను వ్రాయక తప్పని భాగం.

1996లో నేను కోనసీమలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మాకు ఒక పికప్ ఉండేది. అప్పటికే పాతది. సెప్టెంబరులో డ్రైవరు వచ్చి, "గుమస్తా గారండీ, క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయండి, బండి కాలవగట్టు ఎక్కనంటోందండి. బ్యాటరీ కూడా రాత్రికి దిగిపోతోందండి" అని చెప్పాడు. రెండు కొటేషన్లు తెచ్చాడు. ఖర్చు రెండు వేల రూపాయల లోపు. నిబంధన ప్రకారం మూడు కావాలి. మూడవది ఇవ్వడానికి ఆ ఊళ్ళో మూడో మెకానిక్కు లేడు. నేను ఫైలు మీద "మూడవ కొటేషను జతపరచి తిరిగి సమర్పించవలెను" అని వ్రాసి పంపాను. అంతకు ముందు సంవత్సరం ఇదే విషయం మీద ఆడిట్ అభ్యంతరం వచ్చి నేను సంజాయిషీ ఇచ్చుకుని ఉన్నాను. కనుక నేను వ్రాసినది నిబంధనకు సరిపోయింది. ఫైలు తిరిగి వెళ్ళింది. అక్టోబరంతా తిరుగుతూనే ఉంది.

నవంబరు 6 బుధవారం రాత్రి తుఫాను తీరం దాటింది. దీపావళికి నాలుగు రోజులు ముందు. మన జిల్లాలో ఆ రాత్రి చూసినవారికి నేను వర్ణించనక్కరలేదు, చూడనివారికి వర్ణించినా తెలియదు. వెయ్యి మందికి పైగా పోయారు. లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. తెల్లవారేసరికి రోడ్డు అనేది లేదు, చెట్ల మీద చెట్లు, వాటి మీద కరెంటు స్తంభాలు.

ఏడవ తేదీ పొద్దున మా అధికారి నాలుగు డ్రమ్ముల మంచినీళ్ళు, బియ్యం బస్తాలు సముద్రం ఒడ్డున ఉన్న ఒక మత్స్యకార పల్లెకు చేర్చమన్నారు. పికప్ సెల్ఫ్ తీసుకోలేదు. పదిమందిమి కలిసి నెట్టాము. కదిలింది. రెండు ఫర్లాంగులు పోయి, వంతెన ఎక్కే చోట నిలిచిపోయింది. ఇంజను అరుస్తున్నది, చక్రం తిరగడం లేదు. వెనక్కు జారకుండా రాళ్ళు పెట్టాము. ఆ వానలో నేను కూడా నిలబడ్డాను. డ్రైవరు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం రావులపాలెం వైపు నుంచి అరటి గెలలు తోలే ఒక పాత వ్యాను వచ్చింది. డ్రైవరే యజమాని, ముప్పై ఏళ్ళవాడు. దారిలో చెట్లు నరకడానికి గొడ్డళ్ళూ, నలుగురు మనుషులనూ వెంట తెచ్చుకున్నాడు. ఎవరూ పిలవలేదు. డ్రమ్ములు అతని బండిలోకి మార్చాము. మొదటి డ్రమ్ము ఆ పల్లెకు చేరేటప్పటికి ఎనిమిదవ తేదీ మధ్యాహ్నం. అప్పటిదాకా అక్కడివారు సముద్రపు నీరు కలిసిన చెరువు నీళ్ళే చీరె కొంగున వడగట్టి పిల్లలకు పట్టారు. మేము పికప్ మీద పొద్దున్నే బయలుదేరినా చెట్లు అడ్డమే గదా అని తర్వాత ఆఫీసులో కొందరు నన్ను ఓదార్చారు. నిజమే కావచ్చు. కానీ గొడ్డళ్ళు మా ఊళ్ళో కూడా ఉన్నాయి.

ఆ వ్యాను నాలుగు రోజులు తిరిగింది. మా పికప్ కన్నా అది నాలుగేళ్ళు పెద్దది. నేనతన్ని అడిగాను, ఇంత పాత బండిని నమ్మి ఎలా వచ్చావని. "పాతా కొత్తా కాదండీ. పొద్దున్నే లేచి ముందు దాని మొహం చూస్తానండీ. తర్వాతే నా మొహం కడుక్కుంటానండీ" అన్నాడు. కిరాయి వద్దన్నాడు, డీజిలు పోయిస్తే చాలన్నాడు. వోచర్లు లేని ఆ డీజిలు డబ్బు అతనికి చేరడానికి ఐదు నెలలు పట్టింది. ఈసారి ఫైలు వెంట నేనే తిరిగాను.

లాగ్‌బుక్కులో 7-11-96 తేదీకి ఎదురుగా నేను వ్రాసిన మాట "రిపేరు వలన బండి నడవలేదు". రిపేరు వలన కాదు, రిపేరు చేయించనందువలన. ఆ తేదీకి కారణం గడి ఉండి ఉంటే దానిలో నా సంతకం ఉండవలసింది.

వేలంలో పోయిన బండి

ఆ పికప్‌ను 1999లో పనికిరానిదిగా తేల్చాము. ఇన్నేళ్ళు, ఇన్ని కిలోమీటర్లు దాటితే తీసివేయవచ్చునని నియమం. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు గారు చూసి ధర కట్టారు. వేలంలో ఆ ఊరి మెకానిక్కే పాడుకున్నాడు. 2008లో, పదవీ విరమణకు ఏడాది ముందు, ముమ్మిడివరం రోడ్డులో ఒక బండి ఐసు దిమ్మలు వేసుకుని రొయ్యల చెరువుల వైపు పోతూ కనబడింది. రంగు మారింది గానీ ముందు అద్దం మూల పగులు నేను గుర్తుపట్టాను. మాదే. తొమ్మిదేళ్ళుగా నడుస్తున్నది, ఉప్పునీళ్ళకు తొట్టి అడుగు తుప్పుపట్టి రెండుసార్లు రేకు మార్చవలసి వచ్చిందట.

"ఇంకేమేం మార్చావు?" అని అడిగాను. "క్లచ్ ప్లేట్లు, బ్యాటరీ, కాస్త వైరింగు అండి. మార్చాల్సినవి మార్చానండి, అంతే" అన్నాడు. మొదటి రెండూ మా ఫైలులో ఉన్నవే.

పుస్తకం ప్రకారం విలువ లేని బండి ఒక కుటుంబాన్ని తొమ్మిదేళ్ళు పోషించింది. ప్రభుత్వ బండ్లు చెడ్డవని దీని అర్థం కాదు. బండికి సొంతదారు కన్ను కావాలి. ఆఫీసు బండికి పదిమంది సంతకాలు ఉంటాయి గానీ ఒక్కరి కన్ను ఉండదు.

చిన్న బండ్ల కాలం

2005 మే నెలలో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల చిన్న డీజిలు ఇంజను, 750 కిలోల బరువు. మన లెక్కలో సరిగ్గా పది బస్తాలు, అంటే రెండెడ్ల బండి. అందుకే అది ప్రతి ఊరి సెంటరులోనూ నిలబడింది. లారీ పట్టని సందులో దూరుతుంది, కాలవగట్టు మీద ఎదురు బండికి దారి ఇస్తుంది. దానికన్నా పెద్ద మోతకు మహీంద్రా బొలేరో పికప్ లాంటివి వచ్చాయి. వాటిలో 1.7 టన్నుల రకం కూడా ఉంది, అంటే ఇరవై రెండు బస్తాలు. కడియపులంక మొక్కలు, అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి, భీమవరం చేపలు, అన్నీ వీటి మీదనే మొదటి మజిలీ చేస్తున్నాయి.

2021 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ రేషను బియ్యం ఇవ్వడానికి 9,260 చిన్న వాహనాలు పెట్టింది. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి తీసేసి మళ్ళీ చౌక దుకాణాలకే ఇచ్చారు. రెండింటికీ వాదనలున్నాయి, నేను వాటి జోలికి పోను. గుమస్తాగా ఒక్క మాట. ఒక వాహనం నెలలో ఎన్ని రోజులు నడుస్తుంది, మిగిలిన రోజులు ఏం చేస్తుంది అని కొనకముందే లెక్క వేసుకోవాలి. నిలబడిన బండికి కూడా వాయిదా కట్టాలి, బీమా కట్టాలి.

మా మేనల్లుడు రావులపాలెం దగ్గర ఒక పికప్ నడుపుతున్నాడు. లాగ్‌బుక్కు వ్రాయడు గానీ లెక్క నాకన్నా బాగా తెలుసు. "మావయ్యా, బండి ఒక్కరోజు ఆగితే పోయేది ఆ రోజు కిరాయి కాదు. ఆ రైతు ఇంకో బండిని పిలుస్తాడు, రేపటి నుంచి దాన్నే పిలుస్తాడు" అంటాడు. 2020 ఏప్రిల్ నుంచి కాలుష్య నిబంధనలు మారి కొత్త బండ్లలో సెన్సార్లు పెరిగాయి. పొగ తగ్గింది, మంచిదే. "ఇదివరకు మన ఊరి మెకానిక్కు చెవి పెట్టి వింటే రోగం తెలిసేది. ఇప్పుడు కంప్యూటరు తగిలించాలి, అది రాజమండ్రిలో ఉంటుంది" అని వాడి బాధ.

డల్లాస్‌లో పది బస్తాలు

ఇప్పుడు మా అబ్బాయి ప్రశ్నకు వస్తాను. అమెరికాలో పికప్ పుట్టింది రైతు కోసం. ఫోర్డు కంపెనీ 1925లో తన మోడల్ టి కారుకు వెనుక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. కర్మాగారం నుంచే తయారై వచ్చిన తొలి పికప్‌లలో అది ఒకటి. 1948లో ఎఫ్ వరుస ట్రక్కులు, 1975లో ఎఫ్-150 వచ్చాయి. ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే ట్రక్కుల వరుస దశాబ్దాలుగా అదే. దానికి కోడి కూడా కొంత సాయం చేసింది. అమెరికా కోళ్ళ మీద ఐరోపా దేశాలు సుంకం పెంచితే, బదులుగా అమెరికా 1964 నుంచి విదేశీ చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ళ తగవు ఎప్పుడో ముగిసింది, సుంకం మిగిలిపోయింది. టయోటా వారు పెద్ద పికప్‌ను 2006 నుంచి టెక్సాస్‌లోనే, శాన్ ఆంటోనియోలో, తయారుచేస్తూ వచ్చారు.

మా అబ్బాయి చూసిన బండి నాలుగు తలుపులది, అయిదుగురు కూర్చోవచ్చు. వెడల్పు రెండు మీటర్లు, మన కాలవగట్ల మీద ఎదురు సైకిలు కూడా రాకూడదు. తొట్టిలో మోసే బరువు ఎంత అని అడిగి తెలుసుకున్నాను. మోడలును బట్టి ఏడెనిమిది వందల కిలోలకు అటూ ఇటూ. మన పది బస్తాలు! వెనుక ట్రైలరు తగిలిస్తే నాలుగైదు టన్నులు లాగుతుందట, అది వేరే సంగతి. మా వాడికి ట్రైలరు లేదు, బస్తాలూ లేవు. ఏడాదికి నాలుగైదు సార్లు చెక్కలో, సోఫాయో తేవాలి. "అద్దెకు తీసుకోరా, చౌక" అని తీర్పు చెప్పబోయాను.

అప్పుడు వాడొక మాట చెప్పాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి నలభై లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు పోయింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. పైపులు గడ్డకట్టి నీళ్ళు లేవు. మా మనవరాలు అప్పటికి ఏడాది పిల్ల. పక్కింటాయన పికప్ తొట్టిలో కరెంటు ప్లగ్గులు ఉన్నాయట. ఆ బండి నుంచి తీగ లాగి మా వాళ్ళ ఇంట్లో హీటరు పెట్టాడు, దొరికిన చోట నుంచి మంచినీళ్ళు తెచ్చి నాలుగిళ్ళకు పంచాడు. "నాన్నగారూ, ఆ రోజు విలువ ఎలా కడతారు?" అన్నాడు.

నాకు మాట రాలేదు. నా కళ్ళకు కనబడింది డల్లాస్ కాదు. వంతెన దగ్గర రాళ్ళు పెట్టి ఆపిన పికప్, వానలో నాలుగు నీళ్ళ డ్రమ్ములు.

కొనమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఒక తెల్ల కాగితం మీద నాలుగు గళ్ళు గీసి ఫోటో తీయించి పంపాను. బండి అవసరమైన రోజు, ఏ పనికి, అద్దె బండితో తీరేదా, తీరకపోతే ఎవరికి నష్టం. "ఏడాది పాటు నింపు, అప్పుడు నీకే తెలుస్తుంది. కొంటే మాత్రం అయిదో గడి ఒకటి గీసుకో. బండి నిలిచిపోయిన రోజు, దానికి కారణం ఎవరు. ఆ గడిలో బండి పేరు వ్రాయకు" అన్నాను. వాడు ఇంకా నింపుతూనే ఉన్నాడు.

చివరగా సోదర పెన్షనర్లకు ఒక మనవి. లాగ్‌బుక్కులు కాలపరిమితి తీరగానే తీసిపారేస్తారు. 1986 ఆగస్టు వరదలో, 1996 తుఫానులో ఏ బండి ఎక్కడికి పోయిందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పే కాగితాలు ఈపాటికి చాలావరకు ఉండవు. మీకు గుర్తున్నది నాలుగు పంక్తులైనా వ్రాసి మన పత్రికకు పంపండి. మీ వల్ల నడిచిన బండి సంగతే గాక, మీ వల్ల ఆగిన బండి సంగతి కూడా వ్రాయండి. ఆ అరటి వ్యాను డ్రైవరు పేరు నాకు గుర్తుంది. అతని ఇంటివారిని అడగకుండా అచ్చు వేయడం మర్యాద కాదని ఇక్కడ వ్రాయలేదు. వారి ఇంట ఎవరైనా ఈ సంచిక చదివితే, ఆ డీజిలు బిల్లు ఆలస్యం చేసిన గుమస్తా నమస్కారం చెబుతున్నాడని అతనికి చెప్పండి.